చదవడం మరచిపోయిన మనిషికి ఏ పుస్తకం ఇవ్వాలి

గ్రంథాలయంలో ఉద్యోగమంటే నీడపట్టున కూర్చుని జీతం తీసుకునే పని అని మా బంధువులు నా సర్వీసు పొడుగునా అన్నారు. కొత్తగా చేరే పిల్లలు కూడా కొంచెం అదే నమ్మకంతో వస్తున్నారని వింటున్నాను. వాళ్ళ కోసమే ఇది రాస్తున్నాను. నా ప్రమోషన్ల గురించి, బదిలీల గురించి ఇందులో ఏమీ ఉండదు. వాటిలో నేర్చుకోవడానికి ఏమీ లేదు.

డెబ్బైల నడుమ నుంచి ఎనభైల చివరిదాకా వరంగల్‌లో, బట్టల బజారు వెనకవీధిలో ఉన్న ఒక చిన్న శాఖా గ్రంథాలయం నా చేతిలో ఉండేది. రెండు గదులు, ఒక వరండా. వరండాలో పేపర్ల బల్ల. పరీక్షల పుస్తకాల కోసం విద్యార్థులు వచ్చేవారు, పేపరు కోసం పెన్షనుదారులు వచ్చేవారు. వీళ్ళకు నా అవసరం పెద్దగా ఉండేది కాదు. వాళ్ళకు కావలసింది ఏ అల్మారాలో ఉందో వాళ్ళకే తెలుసు.

మూడో రకం మనుషులు అరుదుగా వచ్చేవారు. ఒకప్పుడు ఇష్టంగా చదివి, సంసారంలో పడి మానేసి, నలభై యాభై ఏళ్ళు దాటాక మళ్ళీ చదవాలని బుద్ధి పుట్టినవాళ్ళు. వాళ్ళు గుమ్మం దగ్గరే ఆగిపోతారు. చెప్పులు ఎక్కడ విడవాలో తెలియనట్టు చూస్తారు. ఆ రోజు మీరు వాళ్ళ చేతిలో ఏం పెడతారన్నదాని మీదే అంతా ఆధారపడి ఉంటుంది. మా శిక్షణలో పుస్తకానికి వర్గసంఖ్య ఎలా వేయాలో ఏడాదిపాటు నేర్పారు. ఈ సంగతి ఒక్క పూటైనా చెప్పలేదు. నేను తప్పులు చేసి నేర్చుకున్నాను. ఆ తప్పులకు దెబ్బ తగిలింది మాత్రం నాకు కాదు.

సేటుకు ఇచ్చిన పుస్తకం

చేరిన రెండో ఏడు అనుకుంటాను. బట్టల దుకాణం కాశీనాథం సేటు వచ్చాడు. యాభైకి దగ్గరపడ్డ మనిషి. గుండెనొప్పి వస్తే డాక్టరు మూడు నెలలు దుకాణం మెట్లు ఎక్కవద్దన్నాడట.

"చిన్నప్పుడు మస్తు చదివేటోణ్ణి సార్" అన్నాడు. "మా నాయనకు కనవడకుంట బట్టల తాన్ల నడుమ దాచిపెట్టుకొని చదివేటోణ్ణి. నాయన పోయినంక దుకాణం మీద వడ్డది. ముప్పై ఏండ్లాయె పుస్తకం ముట్టక. జర మంచిది చూసి ఇయ్యుండ్రి."

మంచిది. ఆ మాట నా నెత్తికెక్కింది. అప్పటికి నేను కొత్తగా చదువు పూర్తిచేసి వచ్చినవాణ్ణి. మూడు తరాల కథ, ఎనిమిది వందల పేజీలు, పండితులంతా మెచ్చుకున్న నవల తీసి రెండు చేతులతో ఇచ్చాను. అసలు నిజం చెప్పాలంటే దాన్ని నేను పరీక్ష కోసం చదివాను, నడుమ వంద పేజీలు దాటేశాను కూడా.

ఇరవై రోజుల తర్వాత సేటు పుస్తకాన్ని కాగితంలో చుట్టి తెచ్చాడు. ముప్పై ఒకటో పేజీలో సన్నగా కత్తిరించిన నీలం బట్ట పీలిక గుర్తుగా ఉంది.

"మీ తప్పేం లేదు సార్. గొప్ప పుస్తకమని తెలుస్తనే ఉన్నది. నా బుర్రనే మొద్దువారింది. ఇగ నాకు చదువుడు రాదనుకుంట."

ఆ క్షణంలో నేను ఆ పుస్తకాన్ని పక్కన పడేసి, ఒక సన్నపాటి అపరాధ పరిశోధన నవల తీసి ఇవ్వాల్సింది. ఇరవై రోజులు చిన్నప్పటి రుచిని వెతుక్కున్న మనిషి ఆయన. నేనేమన్నానో తెలుసా? "ఓపిక పట్టాలి సేటూ, గొప్ప పుస్తకాలు మొదట్లో అట్లనే ఉంటయి" అన్నాను. సేటు తలూపి, కార్డు బల్ల మీద పెట్టి వెళ్ళిపోయాడు.

ఆ తర్వాత చాలా పండుగలకు ఆయన దుకాణంలోనే బట్టలు కొన్నాను. ఆయన మంచి మర్యాద చేసేవాడు, చాయ్ తెప్పించేవాడు. కానీ నా కళ్ళలోకి చూసేవాడు కాదు. పరీక్ష తప్పిన పిల్లవాడు పంతులు ముందు నిలబడ్డట్టు ఉండేవాడు. అటువంటి పెద్దమనిషిని, నా తండ్రి వయసువాణ్ణి, అట్లా చేసింది నేను. ఆయన మరెన్నో ఏళ్ళు బతికాడు. మళ్ళీ పుస్తకం ముట్టలేదని వాళ్ళ తమ్ముడు చెప్పాడు.

అంచు మీద మురికి

తర్వాత కొంత పని నేర్చుకున్నాను. ఎలా నేర్చుకున్నానో చెబుతాను, ఎందుకంటే ఇది ఏ తరగతిలోనూ చెప్పరు.

పుస్తకాన్ని మూసి, పేజీల అంచు చూడండి. చదివిన మేర అంచు నల్లబడి ఉంటుంది, చదవని మేర తెల్లగా ఉంటుంది. మా దగ్గర బహుమతులు పొందిన పుస్తకాలు చాలావాటికి మురికి రెండు వేళ్ళ మందం దగ్గర ఆగిపోయేది. పాఠకుడు ఎక్కడ దిగిపోయాడో ఆ గీత చెబుతుంది. కొన్ని పుస్తకాలకు మొదటి నుంచి చివరిదాకా ఒకే నలుపు. అట్టలు ఊడిపోయి, దారంతో కుట్టించుకుని, మళ్ళీ ఊడిపోయినవి. వాటిని నేను వేరే అరలో పెట్టుకోవడం మొదలుపెట్టాను. చాలా ఏళ్ళ తర్వాత చదువుకు తిరిగి వచ్చినవాళ్ళకు మొదటి పుస్తకం ఆ అరలోంచే ఇచ్చేవాణ్ణి.

ఇంకొకటి. చదువు పోయిందని వచ్చినవాళ్ళలో సగం మందికి పోయింది చదువు కాదు, చూపు. చత్వారం వచ్చిందని వాళ్ళకు తెలియదు. అందుకని ముందు అద్దాల సంగతి అడగాలి. తర్వాత పలుచని పుస్తకాలు మూడు ఇవ్వాలి. ఒకటే ఇస్తే అది పరీక్ష అవుతుంది. మూడిస్తే రెండు వదిలేసే హక్కు ఉంటుంది. తిరిగి తెచ్చినప్పుడు "పూర్తిచేశారా?" అని అడగకూడదు. వాళ్ళే చెబుతారు, లేదా చెప్పరు.

"మీకెటువంటి పుస్తకాలు ఇష్టం?" అని కూడా అడగవద్దు. ఇరవై ఏళ్ళు ఉపవాసం ఉన్నవాడికి ఏం ఇష్టమో వాడికేం తెలుసు? చివరిసారి ఏ కథ విని నవ్వావు, ఏ కథకు అన్నం తినడం మరిచిపోయావు అని అడగాలి.

ఈ పద్ధతితో కొంతమందిని చదువులోకి తెచ్చాను. లెక్క చెప్పను. ఎందుకంటే ఇక చెప్పబోయే సంగతి ముందు ఆ లెక్క నిలవదు.

సాంబయ్య

ఎనభైల మొదట్లో ఒక ఎండాకాలం, మధ్యాహ్నం పూట, ఒక మనిషి పేపర్ల బల్ల దగ్గర కూర్చోవడం గమనించాను. తలకు రుమాలు, చేతికర్ర, యాభై దాటిన వయసు. రోజూ వచ్చేవాడు. పేపరు ముందు పెట్టుకుని ఒక పేజీ దగ్గరే గంటసేపు ఉండేవాడు.

ఒకరోజు దగ్గరికి వెళ్ళి "ఏం కాకా, ఏం చదువుతున్నవు?" అని అడిగాను.

"సదువుతలేను సార్, అక్షరాలు సూత్తాన" అన్నాడు. "అక్షరాలు అస్తయి. సదువు అస్తలేదు."

పేరు సాంబయ్య. ఊరు నెక్కొండ పక్కన. పొలం అన్నదమ్ములకు చాలక, భార్య పోయాక ఇటు వచ్చి, బజారు చివర ఉన్న ధాన్యం గోదాముకు రాత్రిపూట వాచ్‌మన్‌గా కుదిరాడు. పగలు రేకుల గదిలో పడుకోలేక మా వరండాకు వచ్చేవాడు. చదువు ఎక్కడ నేర్చావని అడిగితే అటూ ఇటూ చూసి చెప్పాడు. సాయుధ పోరాటం రోజుల్లో, మీసాలు రాని వయసులో పట్టుకుపోయి రెండేళ్ళు జైల్లో ఉంచారట. ఒక పెద్దమనిషి నేల మీద బొగ్గుతో రాసి అక్షరాలు నేర్పాడట.

"జైల్ల మస్తు సదివిన సార్. బయటికచ్చినంక నాగలి వట్టిన. ఇగ సదువేడిది?"

ముందు అద్దాల పని చూశాను. దవాఖానలో నాకు తెలిసిన కంపౌండరుకు చీటీ రాసిచ్చి కళ్ళు పరీక్ష చేయించాను. అద్దాలు వచ్చిన రోజు నా బల్ల మీదున్న రబ్బరు స్టాంపు మీది అక్షరాలు కూడా చదవబోయాడు, అవి తిరగేసి ఉంటాయని తెలియక తికమకపడి నవ్వాడు.

తర్వాత పుస్తకం ఎంచాను. జైలుకు వెళ్ళివచ్చినవాడు గదా అని, నా మూడు పుస్తకాల నియమం పక్కనపెట్టి, ఆ పోరాటం మీద రాసిన నవల ఒక్కటే ఇచ్చాను. సరిగ్గా ఇతనికి తగినదే దొరికిందని నాలో నేను మురిసిపోయాను. మూడో రోజే తెచ్చి బల్ల మీద పెట్టాడు.

"నచ్చలేదా కాకా?"

"రాసినాయన మంచిగనే రాసిండు సార్. గని గిదంత నేను సూసిందే. ఎవల్ని ఏడ గొట్టిండ్రో నాకెరుక. మల్ల పైసలువెట్టి అద్దాలు కొనుక్కొని గదే సూడాల్నా?" అని ఆగి, సిగ్గుపడుతూ అన్నాడు: "జర నవ్వచ్చేది ఉంటె ఇయ్యుండ్రి."

సేటు విషయంలో నా గొప్ప కోసం పుస్తకం ఇచ్చాను. సాంబయ్య విషయంలో అతని గతం చూసి ఇచ్చాను. రెండుసార్లూ ఎదురుగా నిలబడ్డ మనిషిని చూడలేదు. దుఃఖపడ్డవాడు దుఃఖం గురించే చదవాలనుకుంటాడన్నది మన చదువుకున్నవాళ్ళ పిచ్చి.

నల్ల అంచు అరలోంచి మూడు తీసి ఇచ్చాను. ఒకటి ఒక పిసినారి మామ, గడుసు అల్లుడి కథలు. ఒకటి అపరాధ పరిశోధన. ఒకటి సముద్రంలో ఓడ తప్పిపోయిన వాళ్ళ కథ. నాలుగు రోజుల తర్వాత వచ్చి, మామా అల్లుళ్ళ కథ ఒకటి నాకే చెప్పడం మొదలుపెట్టాడు. నడుమ నవ్వు ఆగక చెప్పలేకపోయాడు. వరండాలో పెన్షనుదారులు పేపర్లు దించి చూశారు.

"సార్, నేను నవ్వుతాంటె మా గోదాం కుక్క నన్ను సూసి మొరిగింది. కొత్తోడు అచ్చిండనుకున్నది."

ఆ సంవత్సరం నా ఉద్యోగంలో మంచి సంవత్సరం. సాంబయ్య వారానికి మూడు పుస్తకాలు చదివేవాడు. కొంతకాలానికి మధ్యాహ్నం రావడం తగ్గింది. ఏమిటని అడిగితే, గోదాములో హమాలీలు అన్నాలు తినే వేళ వాళ్ళకు చదివి వినిపిస్తున్నానని చెప్పాడు. ఒకరోజు వెళ్ళి చూశాను. బస్తాల నీడలో అతను గోడకు ఆనుకుని చదువుతున్నాడు, చుట్టూ హమాలీలు అన్నం గిన్నెలు ఒళ్ళో పెట్టుకుని వింటున్నారు. హంతకుడు తలుపు తీసే దగ్గర పుస్తకం మూసేశాడు. "రేపు" అన్నాడు. వాళ్ళు తిట్టిన తిట్లు ఇక్కడ రాయలేను. ముద్ద చేతిలోనే ఎండిపోయి ఉంది ఒకాయనకు.

పెద్దసారు

మా పై అధికారిని అందరం పెద్దసారు అనేవాళ్ళం. చెడ్డవాడు కాదు. చదవనివాడు, అంతే. పుస్తకాలు ఎంపిక చేసే అధికారం ఎప్పుడూ చదవనివాళ్ళ చేతిలోనే ఎందుకుంటుందో నాకు ఈనాటికీ తెలియదు. ఏడాదికి ఒకసారి మా శాఖకు పుస్తకాల కట్టలు వచ్చేవి. విప్పితే ఒకే నీతి పుస్తకం పది ప్రతులు, ఎవరో అభినందన సంచికలు, ముందుమాటే నలభై పేజీలున్న ఉపన్యాసాలు. వాటి అంచులు ఈనాటికీ తెల్లగానే ఉండి ఉంటాయి.

తనిఖీకి వచ్చినప్పుడు నా నల్ల అంచు అర చూసి ముక్కు చిట్లించాడు. "ఏమయ్యా, ఈ చిరిగిన డిటెక్టివులు ఎందుకు ముందర పెట్టావు? ప్రజలను ఉద్ధరించే పుస్తకాలు ఇవ్వాలిగానీ."

ఉద్ధరించే పుస్తకాలు ఎవరూ తీసుకోవడం లేదని చెప్పడానికి బదులు, నేను నా నీలం అట్ట నోట్‌బుక్ తీసి చూపించాను. ఒక్కొక్క పాఠకుడికి ఒక్కొక్క పేజీ. ఎవరు, ఏం పని చేస్తారు, ఎందుకు చదువు మానేశారు, ఏం ఇచ్చాను, ఏమన్నారు. ఎవరికి ఏది పడుతుందో గుర్తుండటానికి రాసుకునేవాణ్ణి. పెద్దసారు నాలుగు పేజీలు తిప్పి, కళ్ళద్దాలు తీసి, "శభాష్. ఇది శాస్త్రీయంగా ఉంది" అన్నాడు.

ఆ శభాష్ నాకెంత తీపిగా ఉండిందో దాచడం దేనికి? అన్నేళ్ళ ఉద్యోగంలో అదే మొదటిది. ఆ రోజు నుంచి నోట్‌బుక్ ఇంకా వివరంగా రాయడం మొదలుపెట్టాను. పాఠకుల కోసం మొదలైనది, తెలియకుండానే పెద్దసారు మళ్ళీ చూస్తాడని రాసేదిగా మారింది.

నోట్‌బుక్ అడిగిన రోజు

మరుసటి ఏడు గోదాము హమాలీలు బస్తా కూలి పెంచమని పని ఆపేశారు. వారం గడిచింది. అప్పట్లో మా ప్రాంతంలో పదిమంది కూడి కూర్చుంటేనే అనుమానం. ఏ ఇంట్లో ఏ పుస్తకం దొరికింది అన్నది కూడా నేరమయ్యే రోజులు అవి.

ఒక ఉదయం సబ్‌ఇన్‌స్పెక్టరు ఒకాయన గ్రంథాలయానికి వచ్చాడు. అదే సమయానికి పెద్దసారు కూడా ఏదో పని మీద వచ్చి ఉన్నాడు. వచ్చినాయన మెత్తగా మాట్లాడాడు. చాయ్ ఇస్తే తాగాడు. గోదాము వాచ్‌మన్ సాంబయ్య ఇక్కడ ఏం పుస్తకాలు తీసుకుంటాడని అడిగాడు. ఆ ఏటి ఇష్యూ రిజిస్టరు ముందు పెట్టాను. మామా అల్లుళ్ళు, హంతకులు, ఓడలు, రాజకుమార్తెలు. ఆయన వేలు పెట్టి కిందిదాకా చూసి నవ్వాడు. "ఇవేనా?" అన్నాడు. లేవబోయాడు కూడా. ఆయన లేవబోయాడన్న సంగతి నేను ఎన్నేళ్ళయినా మరిచిపోలేదు.

అప్పుడు పెద్దసారు అన్నాడు: "మావాడు పాఠకుల మీద ప్రత్యేకంగా నోట్సు కూడా రాస్తాడండీ. చాలా శ్రద్ధ. చూపించవయ్యా."

ఆయన ద్రోహబుద్ధితో అనలేదు. తన శాఖ ఎంత బాగా పనిచేస్తుందో పరాయి శాఖవాడికి చూపించాలనుకున్నాడు. నోట్‌బుక్ నా సొరుగులో ఉంది. ఇంట్లో ఉందని అనవచ్చు. తాళంచెవి మరిచిపోయానని అనవచ్చు. వచ్చినాయన మళ్ళీ వచ్చేలోపు ఆ పేజీ చింపేయవచ్చు. నేను భయపడి ఇచ్చానని చాలా ఏళ్ళు నాకు నేను చెప్పుకున్నాను. భయం కొంత ఉన్నమాట నిజమే. కానీ సొరుగు లాగుతున్నప్పుడు నా మనసులో ఉన్నది భయం ఒక్కటే కాదు. నా శ్రద్ధను ఇంకొకరు కూడా చూడబోతున్నారన్న ఉబలాటం కూడా ఉంది. ఇది రాయడానికి నాకు ఇన్నేళ్ళు పట్టింది.

సాంబయ్య పేజీలో నా గుండ్రటి అక్షరాలతో ఇలా ఉంది: వాచ్‌మన్. పోరాటంలో జైలు. పోరాట నవల ఇచ్చాను. మధ్యాహ్నాలు హమాలీలను కూర్చోబెట్టి చదివి వినిపిస్తున్నాడు. పదిహేను మంది దాకా వింటున్నారు. వాళ్ళ మీద ఇతని మాటకు మంచి పట్టు ఉంది.

ఆ చివరి వాక్యం నేను ఎంతో సంతోషంతో రాశాను. ఆ నవలను అతను మూడో రోజే తిరిగి ఇచ్చిన సంగతి రాయలేదు. నా తప్పు నోట్‌బుక్‌లో కనిపించడం ఇష్టంలేక వదిలేశాను.

సబ్‌ఇన్‌స్పెక్టరు మళ్ళీ కూర్చున్నాడు. ఆ పేజీ రెండుసార్లు చదివాడు. "ఇది మా దగ్గర ఉంచుకుంటాం" అని నోట్‌బుక్ చంకలో పెట్టుకుని వెళ్ళాడు. "సార్, ఆ నవల అతను చదవలేదు" అని వెనకాల నుంచి అన్నాను. ఆయన తిరిగి చూడలేదు. పెద్దసారు "నీకెందుకయ్యా" అన్నాడు.

ఆ సాయంత్రమే సాంబయ్యను తీసుకుపోయారు. పదకొండో రోజు వదిలిపెట్టారు. ఆ పదకొండు రోజుల్లో నేను స్టేషను వైపు ఒక్కసారి కూడా వెళ్ళలేదు. రోజూ వేళకు తలుపులు తెరిచాను, వేళకు మూశాను. అతని ఉద్యోగం పోయింది. ఊరికి వెళ్ళిపోయాడని తెలిసింది.

హమాలీల మేస్త్రీ ఓదెలు అని ఉండేవాడు. పని మళ్ళీ మొదలయ్యాక ఒకరోజు గుమ్మం దగ్గర నిలబడ్డాడు. లోపలికి రమ్మన్నాను, రాలేదు.

"సార్, మీ బుక్కుల మా లెక్క రాసిండ్రట గదా."

నేను ముందున్న రిజిస్టరు మూశాను.

"పదిహేను మంది అని రాసిండ్రట. పద్దెనిమిది మందిమి సార్. మీ లెక్క తప్పింది."

అంతే అని వెళ్ళిపోయాడు. ఆ తర్వాత ఒక్క హమాలీ కూడా మా వరండా ఎక్కలేదు. అందుకే కొత్తవాళ్ళకు చెబుతున్నాను. మనిషిని బాగా తెలుసుకోండి. తెలుసుకోకుండా పుస్తకం ఇవ్వలేరు. కానీ తెలుసుకున్నది మీ కడుపులోనే ఉండాలి. గుర్తుండకపోతే మళ్ళీ అడగండి, సిగ్గుపడవద్దు. కాగితం మీద పెట్టినది ఎవరి చేతికి పోతుందో మీకు తెలియదు.

నెక్కొండలో

ఆరేడు నెలలు నాతో నేను వాదులాడుకుని, చివరికి ఒక ఆదివారం మూడు పుస్తకాలు సంచిలో పెట్టుకుని నెక్కొండ రైలెక్కాను. మూడూ నవ్వొచ్చేవే. ఒకటి కొత్తది, నా చేతి డబ్బుతో కొన్నది. స్టేషను నుంచి అడుగుతూ అడుగుతూ ఊరు చేరేసరికి ఎండ నెత్తికెక్కింది. మిరప కల్లంలో ఉన్నాడని చెప్పారు.

కల్లమంతా ఎర్రగా ఆరబోసి ఉంది. సాంబయ్య మోకాళ్ళ మీద కూర్చుని రంగు పోయిన తాలు కాయలు ఏరుతున్నాడు. నన్ను చూసి లేచాడు. ముఖంలో కోపం లేదు. కోపం ఉంటే బాగుండునని అప్పుడనిపించింది.

"సార్! గింత దూరం అచ్చిండ్రా?" అని రుమాలుతో రాయి తుడిచాడు. నేను కుడిపక్కన కూర్చోబోతే, "ఇటు దిక్కు కూసోండ్రి సార్. గా చెవు ఇనవడది" అన్నాడు.

ఎప్పటి నుంచని అడగలేదు. ఎడమ వైపుకు మారి కూర్చున్నాను.

పంటల మాట, రైళ్ళ మాట మాట్లాడాడు. గోదాము కుక్క ఎట్లున్నదని అడిగాడు. నాకు తెలియదని చెప్పాను. కోడలు చాయ్ తెచ్చి ఇచ్చింది. నేను చెప్పాలని దారి పొడుగునా కట్టుకున్న మాటల్లో ఒక్కటే బయటికి వచ్చింది.

"కాకా, ఆ నోట్‌బుక్... నేను చెడ్డ మనసుతో రాయలేదు."

"నాకెరుక సార్. మంచిగనే రాసిండ్రు. ఠేషన్ల గాల్లు నాకు సదివి ఇనిపిచ్చిండ్రు."

నేను సంచిలోంచి పుస్తకాలు తీసి ఇద్దరి నడుమ పెట్టాను. పై పుస్తకం అట్ట మీద లావుపాటి ఒకాయన గాడిద మీద వెనక్కి తిరిగి కూర్చున్న బొమ్మ ఉంది. సాంబయ్య దాన్ని చూసి చిన్నగా నవ్వాడు. వేళ్ళకు మిరప ఘాటు ఉందని ముట్టుకోలేదేమో అనుకున్నాను.

"వద్దు సార్. సదువుడు బంద్ వెట్టిన."

"భయమా కాకా? ఇక్కడ ఎవరూ అడగరు. కార్డు లేదు, సంతకం లేదు. నీవే ఉంచుకో."

"భయం కాదు సార్" అని కాసేపు కాయలు ఏరాడు. "ఒకపాలి సూసిన. మా కోడలి తమ్ముని పుస్తకం ఇంట్ల ఉంటె తీసి పట్టుకున్న. రెండు వరుసలు సదివిన. మీరు యాదికచ్చిండ్రు. మల్ల తెరిసిన, మల్ల మీరే. మీరు మంచోల్లే సార్. గని పుస్తకం పట్టుకుంటె మీరే యాదికస్తాండ్రు."

చాయ్ గ్లాసు కింద పెట్టాను. రైలు వేళ అవుతుందని ఎవరూ అనకముందే లేచి నిలబడ్డాను. సాంబయ్య పుస్తకాలను తువ్వాలతో పట్టుకుని, ముట్టుకోకుండా, నా సంచిలో పెట్టాడు. వాటి మీద దోసిళ్ళతో ఎండుమిరపకాయలు నింపాడు. వద్దన్నా వినలేదు.

"ఉత్త చేతులతోటి పంపిత్తమా సార్? ఇంట్ల అమ్మకు ఇయ్యుండ్రి."

రైల్లో కిటికీ పక్కన సీటు దొరికింది. సంచి ఒళ్ళో పెట్టుకున్నాను. గాలికి ఘాటు లేచి ఎదురుగా కూర్చున్నాయన తుమ్మాడు. నా కళ్ళ వెంట నీళ్ళు కారుతుండటం చూసి, "మిరపకాయలా సార్?" అని అడిగాడు.

అవునన్నాను.